గజం ముందు జారినవాడు

ఆగస్టు 17, గురువారం

ఇవాళ నా జీవితంలోకెల్లా ఎక్కువ శ్రద్ధ పెట్టి ఒక పరీక్ష తప్పాను. చరిత్ర శాఖలో నాలుగో ఏడు చదువుతున్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

సీజన్ మొదలయ్యే ముందు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్ జట్టంతా కంప్యూటర్ గదిలో కూర్చుని జ్ఞాపకశక్తి పరీక్ష రాయాలి. తెర మీద కొన్ని మాటలు వస్తాయి, పోతాయి, ఏవేం వచ్చాయో చెప్పాలి. తర్వాత బొమ్మలు. తర్వాత ఎర్ర చుక్క కనిపించగానే మీట నొక్కాలి. రేపెప్పుడో మైదానంలో ఎవడి తలకైనా దెబ్బ తగిలితే ఇదే పరీక్ష మళ్ళీ పెట్టి, ఆగస్టు మార్కులతో పోల్చి చూస్తారు. తగ్గితే ఆట లేదు. అందుచేత ఆగస్టులోనే మందమతిగా నమోదైతే సీజనంతా నిశ్చింత. మరీ మందమతిగా రాస్తే యంత్రానికి అనుమానం వచ్చి మళ్ళీ రాయమంటుంది. ఎంత తెలివితక్కువగా ఉండాలన్నదానికి ఒక కొలత ఉంది. ఆ కొలత నాకు పెద్దవాళ్ళు నేర్పారు, నేను కొత్తవాళ్ళకి నేర్పుతున్నాను. విద్య ఇలాగే బతుకుతుంది.

మా గాయాలు చూసే గ్రెచెన్ కాగితం పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చింది. ఎవరు ఆడొచ్చు, ఎవరు కూర్చోవాలి అన్నది ఆమె చేతిలో ఉంది.

"వెస్, ఇన్ని మాటల్లో నీకు గుర్తున్నవి నాలుగేనా?"

"నాలుగంటే మా ఇంట్లో రికార్డు మేడమ్."

"నువ్వు చరిత్ర చదువుతున్నావు."

"అందుకే. మాకు జరిగిపోయినవే గుర్తుంటాయి. ఇవి ఇప్పుడే కదా జరిగాయి."

ఆమె నవ్వలేదు. కాగితం మీద సంతకం పెట్టింది.

సెప్టెంబర్ 9, శనివారం

ఓడాం.

ఎలా ఓడామో ఈ ఊళ్ళో నదికి ఇటున్న ప్రతివాడికీ, అటున్న ప్రతివాడికీ తెలుసు కాబట్టి నేను రాయక్కర్లేదు. అయినా చరిత్ర కోసం. మ్యాచ్‌లో ఆఖరి ఎత్తు. బంతి నా చేతిలో ఉంది, విసరడానికి ఎవడూ ఖాళీగా లేడు, పరిగెత్తాను. గీతకి ఇంకో గజం ఉంది, దాటితే గెలుపు. ఎదురుగా ఆష్‌బీ కాలేజీ వాళ్ళ నడిమివాడు, మనిషి కాదు, తలుపుకి కాళ్ళొచ్చినట్టుంటాడు. బంతి విసిరే నాలాంటి క్వార్టర్‌బ్యాక్ కాళ్ళు ముందుకు చాచి పిర్రల మీద జారితే ఎవడూ ముట్టుకోకూడదు, ఎత్తు అక్కడితో ముగిసినట్టే అన్నది చట్టం. నేను చట్టాన్ని గౌరవించాను. జారాను. గజం ముందు.

జనం గోల పెట్టలేదు. పెట్టి ఉంటే బావుండేది.

ఆట అయ్యాక పత్రికవాళ్ళు అడిగితే కోచ్ బ్రూనర్ మామూలుగా "వీడియో చూసి చెప్తాను" అంటాడు. ఇవాళ అనలేదు. "క్వార్టర్‌బ్యాక్ అంటే నవ్వించేవాడు కాదు, నడిపించేవాడు. మావాడిలో ఆ గట్టితనం ఉందో లేదో నాకే తెలీదు" అన్నాడు.

సెప్టెంబర్ 10, ఆదివారం

నాన్న ఫోన్.

"ఏరా, నీ ఆట చొక్కా టీవీలో చూశాను. మట్టి కూడా అంటలేదు. మీ అమ్మకి ఉతికే పని తప్పించావు."

"చూశావా, కొడుకంటే అలా ఉండాలి."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డ మనిషి. ఆయనకి నా జోకులంటే ఎప్పుడూ పడదు, కానీ ఇదివరకు చివరిదాకా వినేవాడు.

సెప్టెంబర్ 11, సోమవారం

వీడియో గది. కోచ్ నేను జారిన ముక్క వేశాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేశాడు.  ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నాలుగోసారికి నా జారుడులో ఒక సొగసు కనిపించడం మొదలైంది, ఆ మాట పైకి అన్నాను. ఎవడూ నవ్వలేదు.

బట్టలు మార్చుకునే గదిలో నా అల్మరా తెరిస్తే దిండు. మెత్తటిది, పూలగలీబుతో. దాన్ని తల కింద పెట్టుకుని బెంచీ మీద కాసేపు పడుకున్నాను, గురకపెట్టాను కూడా. నాయకుడన్నవాడు ఎగతాళిని కూడా దర్జాగా స్వీకరించాలి.

దిండు గదికి తెచ్చుకున్నాను. మంచి దిండు.

సెప్టెంబర్ 14, గురువారం

గురువారం సాయంత్రం క్వార్టర్‌బ్యాక్ తన ముందు నిలబడే ఐదుగురు కాపలాదార్లకి తిండి పెట్టాలి. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ ఈ లోయలో ప్రతి కాలేజీలోనూ ఉంది. శనివారం నా మీదకొచ్చేవాళ్ళని వాళ్ళు ఆపుతారు, గురువారం వాళ్ళ ఆకలిని నేను ఆపుతాను. స్టెల్లా హోటల్లో పెద్ద బల్ల నాదే.

ఇవాళ ఒబీ ఒక్కడే వచ్చాడు. ఒబడయా టటిల్. నా గదిలోనే ఉంటాడు, ఎడమ చివర నిలబడతాడు, అంటే నేను విసరబోయేటప్పుడు నా వీపు వాడి పూచీ. కొండల్లోంచి వచ్చిన పాస్టర్ కొడుకు. వాడు కూర్చుంటే కుర్చీ మీద జాలేస్తుంది.

"మిగతావాళ్ళేరి?"

"ఆకల్లేదట."

"నలుగురికీనా?"

ఒబీ క్యాబేజీ నూడిల్స్ పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. "చూడు వెస్, వాళ్ళు నీ కోసం వారం వారం మోకాళ్ళు పాడుచేసుకుంటున్నారు. నువ్వు గజం కోసం పిర్రలు కూడా పాడుచేసుకోలేదు. అదీ వాళ్ళ బాధ."

"నీ బాధ?"

"నాకు ఆకలేస్తుంది కాబట్టి వచ్చాను. నలుగురి వాటా కూడా చెప్పు."

తిన్నాడు. నలుగురి వాటా కూడా.

సెప్టెంబర్ 16, శనివారం

గెలిచాం. నన్నెవరూ పట్టించుకోలేదు. మనవాళ్ళు నా పక్కనుంచి పరిగెత్తి ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. నేను నీళ్ళబ్బాయిని వాటేసుకున్నాను. అతను తడిగా ఉన్నాడు.

సెప్టెంబర్ 19, మంగళవారం

కోచ్ గదికి పిలిచాడు. కూర్చోమనలేదు.

"డెల్‌ని దించుదామనుకుంటున్నాను," అన్నాడు. డెల్ మొదటి ఏడాదివాడు. చేతిలో బలముంది, మీసం లేదు.

"కుర్రాడు మంచివాడు కోచ్."

"అదే చూడు. నీ చోటు ఇంకొకడికిస్తానంటే మంచివాడంటావు. కోపం రాదా నీకు?"

"వస్తుంది. నెమ్మదిగా వస్తుంది. పెరుగు తోడుకున్నట్టు."

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. "నీ వయసులో నాకు దవడ విరిగితే తీగ కట్టించుకుని ఆడాను వెస్. మాట్లాడలేక చేత్తో సైగలు చేశాను. పదిమందీ నా వెంట వచ్చారు. నీకు నోరు బ్రహ్మాండంగా ఉంది. నీ వెంట ఎవరొస్తున్నారు?"

నాకు జవాబుంది. మంచి జవాబే. బయటికొచ్చాక మర్చిపోయాను. అప్పటికింకా నా తల బాగానే ఉంది, ఊరికే మర్చిపోయాను.

(ఈ చివరి వాక్యం తర్వాత రాశాను. ఎప్పుడో.)

సెప్టెంబర్ 30, శనివారం

తెలిసింది. ఎలా చెయ్యాలో తెలిసింది. నాలుగు భాగాల మ్యాచ్‌లో మూడో భాగంలో అదే పరిస్థితి, అదే గజం, ఎదురుగా ఇద్దరు. జారలేదు. తల వంచి నేరుగా దూరాను. మధ్యలో ఏదో తెల్లగా వెలిగింది, చర్చిలో దీపాలన్నీ ఒకేసారి వేసినట్టు. గీత దాటాను. లేచాను. ఒబీ నన్ను రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. జనం. అబ్బ, జనం.

నాలుగో భాగం ఎలా జరిగిందో రేపు వీడియో చూడాలి.

గెలిచామని చెప్పారు.

అక్టోబర్ 1, ఆదివారం

నాన్న వచ్చాడు. ఫోన్ చెయ్యకుండా, అరగంట బండి నడుపుకుని. అమ్మ చేసిన పిరోగీలు, కూర పెట్టిన పిండి కుడుములు, డబ్బాలో, ఉల్లిపాయ వేపుడు పైన. గుమ్మంలో నిలబడి నా మెడ వెనక చెయ్యి వేశాడు. చిన్నప్పుడు చేప పడితే అలా వేసేవాడు. అలాగే ఉంచాడు. మెడ నొప్పిగా ఉంది, చెప్పలేదు. చెయ్యి తీసేస్తాడని.

అక్టోబర్ 3, మంగళవారం

తలనొప్పి ఉంది. ఉండదా మరి. తలతో తలుపు కొడితే తలుపుకి కూడా ఉంటుంది.

కిటికీలోంచి వెలుతురు సూదుల్లా వస్తోంది. మందపాటి తెర కొనాలి.

అక్టోబర్ 5, గురువారం

ఐదుగురూ వచ్చారు. ఐదుగురూ. బల్ల సరిపోలేదు, స్టెల్లా ఇంకో బల్ల జరిపింది. మధ్యలో నిలబడి బంతి అందించే రాండీ నా పళ్ళెంలో తన మాంసం ముక్క పెట్టాడు. ఆ మనిషి తన ముక్క కన్నతల్లికి కూడా పెట్టడు. "దిండు నాదే," అన్నాడు. "ఉంచుకో." అందరూ నవ్వారు. వాళ్ళు అంత గట్టిగా నవ్వితే పుర్రె లోపల గిన్నెలు దొర్లినట్టుంది, కానీ ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ఇది అబద్ధం కాదు.

అక్టోబర్ 7, శనివారం

మళ్ళీ దూరాను. గెలిచాం. పత్రికలో కోచ్: "అనుమానించాను. నాదే తప్పు. ఇరవై ఏళ్ళలో ఇంత గట్టివాణ్ణి చూడలేదు."

అక్షరాలు కదులుతుంటే డెల్ చేత చదివించుకున్నాను. రెండుసార్లు చదివించాను. గర్వంతో అనుకున్నాడు. గర్వమే.

అక్టోబర్ 9, సోమవారం

గ్రెచెన్ పట్టుకుంది. శనివారం లేచేటప్పుడు తూలానట.

"మడమ మెలిపడింది మేడమ్."

"ఏ మడమ?"

"రెండూ. నేను ఏ పనీ సగం చెయ్యను."

పరీక్షకి కూర్చోబెట్టింది. మాటలొచ్చాయి, పోయాయి. బొమ్మలు. ఎర్ర చుక్క. ఈసారి నిజంగా, మనస్ఫూర్తిగా, పళ్ళు బిగపట్టి రాశాను. చెమటలు పట్టాయి. ఆమె కాగితం తీసి ఆగస్టు కాగితం పక్కన పెట్టింది. చాలాసేపు రెండింటినీ చూసింది.

"సమానం," అంది.

"నిలకడ నా ప్రత్యేకత."

"వెస్, నా వైపు చూడు. తలనొప్పి ఉందా?"

"లేదు."

"వెలుతురు చూడలేకపోతున్నావా? మాటలు మర్చిపోతున్నావా?"

"లేదండీ."

"ఈ రెండు కాగితాలూ నీకేం కాలేదంటున్నాయి. నీకేమైనా అయిందని నువ్వు చెప్తే తప్ప నేను ఆపలేను. అర్థమైందా? నువ్వు చెప్పాలి."

అర్థమైందన్నాను. తన చేతిలో ఉన్న కలం కొస కొరికింది. సంతకం పెట్టింది.

బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆగస్టులో నేను నాలుగు మాటలే గుర్తున్నట్టు నటించాను. ఇవాళ నటించలేదు. నాలుగే.

ఈ సంగతి మీద మంచి జోకు ఒకటి వెయ్యొచ్చు. తోచాక రాస్తాను.

అక్టోబర్ 10, మంగళవారం

మందపాటి తెర కొన్నాను. నల్లది. ఒబీ మేకులు కొట్టాడు. "శవపేటికలా ఉంది గది," అన్నాడు. హాయిగా ఉంది.

అక్టోబర్ 12, గురువారం

స్టెల్లా దగ్గర కొత్త జోకు. కోచ్‌ని పెళ్ళిరోజున వాళ్ళావిడ అడిగిందట, ఏమండీ, నన్ను ప్రేమిస్తున్నారా అని. ఆయన, "వీడియో చూసి చెప్తాను" అన్నాడట.

రాండీ ముక్కులోంచి సోడా వచ్చింది. స్టెల్లా కూడా నవ్వింది, కోచ్ వాళ్ళావిడ ఆమెకి చెల్లెలు వరస. చాలా మంచి సాయంత్రం.

అక్టోబర్ 14, శనివారం

గెలిచాం.

అక్టోబర్ 16, సోమవారం

రోమన్ సైన్యాధిపతుల మీద పెద్ద వ్యాసం రాయాలి. ఒకటే పేజీ పొద్దుటినుంచి చదువుతున్నాను. సైన్యాధిపతి నది దగ్గరికి వస్తాడు. దాటాలా వద్దా అని ఆలోచిస్తాడు. పేజీ చివరికి వచ్చేసరికి నది దగ్గరికి ఎందుకొచ్చాడో నాకు తెలీదు, మళ్ళీ పైనుంచి మొదలు. పాపం పొద్దుటినుంచి ఒడ్డునే ఉన్నాడు.

కిటికీలోంచి వెలుతురు సూదుల్లా వస్తోంది. మందపాటి తెర కొనాలి. ఇదివరకు ఎందుకు తోచలేదో.

అక్టోబర్ 19, గురువారం

స్టెల్లా దగ్గర కొత్త జోకు. కోచ్‌ని పెళ్ళిరోజున వాళ్ళావిడ అడిగిందట, నన్ను ప్రేమిస్తున్నారా అని. ఆయన, "వీడియో చూసి చెప్తాను" అన్నాడట.

బాగా పేలింది. అందరూ చాలాసేపు నవ్వారు. ముందు ఒబీ మొదలుపెట్టాడు, బల్ల మీద కొట్టి మరీ. ఆ తర్వాత మిగతావాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు. స్టెల్లా మాత్రం కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకి కోచ్ వాళ్ళావిడ ఏదో వరస అవుతుంది, నొచ్చుకుని ఉంటుంది.

అక్టోబర్ 21, శనివారం

గెలిచాం, కానీ నాకు ఒబీ మీద కోపం వచ్చింది. తోడుకుని కాదు, వెంటనే వచ్చింది. కోచ్ చూస్తే సంతోషించేవాడు.

మ్యాచ్‌లో వేసే ప్రతి ఎత్తుకీ ముందు పదకొండుమందీ గుండ్రంగా తలలు కలిపి వంగుతాం. ఏం ఆడాలో కోచ్ పక్కనుంచి సైగ చేస్తాడు, నేను ఆ పేరు చెప్తాను, వాళ్ళు వింటారు. అదీ పద్ధతి. మూడో భాగంలో నేను "ఈగిల్, ఎడమ" అన్నాను. ఎవడూ కదల్లేదు. తలలెత్తి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒబీ నా మాట మీద మాట వేశాడు: "అంటే రాండీ వెనక నుంచి పరుగు. ఇందాకటిదే. పదండి." అందరూ వాడి మాట విన్నారు. నేనూ విన్నాను, ఏం చేస్తాను.

అక్కణ్ణుంచి ఆఖరిదాకా వాడే. నేను నోరు తెరిచేలోపు వాడు అందుకునేవాడు.

జట్టుకి నాయకుడెవరు అని గదికొచ్చాక అడిగాను. వాడు బూట్లు విప్పి మంచం కిందకి తోశాడు.

అక్టోబర్ 22, ఆదివారం

ఒబీ చర్చికి వెళ్ళలేదు. పొద్దున్నే నా మంచం చివర కూర్చున్నాడు, మంచం వాడి వైపు ఒరిగింది.

"మన దగ్గర ఈగిల్ అన్న ఎత్తు లేదురా."

"నిన్న ఆడాం కదా."

"లేదు. డెల్‌ని అడిగాను, నీ హైస్కూల్లో ఆడినవాళ్ళెవరినో వాడు అడిగాడు. అది మీ హైస్కూల్ ఎత్తు."

నేను కిటికీ వైపు చూశాను. నల్ల తెర ఉంది. ఎవరు కట్టారో.

"పెళ్ళిరోజు జోకు రెండు గురువారాలు చెప్పావు," అన్నాడు. "మొన్న నవ్వమని బల్ల కింద నేనే అందర్నీ తన్నాను."

"అబద్ధం."

"అబద్ధమైతే బావుండు."

 తర్వాత మామూలుగా అన్నాను, "గ్రెచెన్‌కి చెప్పేశావా?"

"కాపలాదారు తన క్వార్టర్‌బ్యాక్ మీద చాడీ చెప్పడు. నేను చెప్పను. నీకు నోరుంది, నువ్వు చెప్పు." వాడి పెద్ద చేతుల్లో నా దుప్పటి అంచు నలిగింది.  "నువ్వు చెప్పకపోతే నేను నీ ముందు నిలబడను. నిన్ను వాళ్ళ మీదకి పంపించడంలో నా చెయ్యి ఉండదు. అంతే నేను చెయ్యగలిగింది."

"మూడే ఆటలున్నాయిరా. ఆ తర్వాత జీవితాంతం కూర్చునే ఉంటాను, ఒట్టు."

"రేపటి సంగతి చెప్పు."

"ఇప్పుడు చెప్తే ఏమంటారు? రెండోసారి జారాడంటారు."

 ఒబీ లేచి తెర కొంచెం పక్కకి తీశాడు. నేను దుప్పటి కప్పుకున్నాను. మళ్ళీ వేసేశాడు.

ఇవన్నీ వాడు ఎదురుగా ఉండగానే రాశాను, మర్చిపోకుండా. ఏదైనా తప్పు రాస్తే వాడు దిద్దాడు.

అక్టోబర్ 24, మంగళవారం

ఒబీ ప్రాక్టీసుకి రాలేదు. మోకాలు నొప్పి అని కోచ్‌కి చెప్పాడట. కోచ్ అందరి ముందూ అన్నాడు, "చూడండి, మన వెస్‌కి ఏ నొప్పీ లేదు. గట్టితనం అంటే ఇదీ. టటిల్ నేర్చుకోవాలి." చప్పట్లు కొట్టారు. రాండీ కొట్టలేదు. నేల చూస్తున్నాడు.

ఒబీ గొడ్డులా బలిసిన మనిషి, వాణ్ణి పిరికివాడనడం నేను విన్నాను. విని ఊరుకున్నాను. దీన్ని గురించి ఒక్క జోకు కూడా తోచలేదు.

అక్టోబర్ 26, గురువారం

గ్రెచెన్ గది దాకా వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. ఎవడి వేలికో పట్టీ చుడుతోంది. నన్ను చూసి "రా" అంది. మంచు ముక్కలు కావాలన్నాను. సంచీ నిండా ఇచ్చింది. వెచ్చటి రోజు కాదు, అయినా పట్టుకుని గదికొచ్చాను.

రేపు చెప్తాను.

అక్టోబర్ 27, శుక్రవారం

నాన్న ఫోన్ చేశాడు. పనిచేసిన రోజుల నాటి స్నేహితులు ఎనిమిదిమందిని తీసుకొస్తున్నాడట, నది వైపు ప్రేక్షకుల మెట్ల మీద కూర్చుంటారట. "నువ్వు ఆ కొలిమి ముందు కూడా నిలబడేవాడివిరా," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

మొదటి సగం ఆడతాను. నాన్న కోసం. సగం ఆట అయ్యాక విరామంలో గ్రెచెన్‌కి చెప్తాను. ఇది నిర్ణయం. చరిత్రలో నమోదు చెయ్యడమైనది.

అక్టోబర్ 28, శనివారం

పొద్దున. ఒబీ చర్చి కోటు వేసుకుంటున్నాడు. ఆటకి వస్తావా అన్నాను. "మెట్ల మీద కూర్చుంటాను," అన్నాడు. బూట్లు నిగనిగలాడుతున్నాయి.

విరామంలో చెప్తాను.

నవంబర్ 9

కొంచెం రాయొచ్చన్నారు. అక్షరాలు పెద్దవిగా. పాత పేజీలు చదవొద్దన్నారు.

పుర్రె లోపల రక్తం చేరితే తీశారట. కుడి వైపు జుట్టు లేదు. కుట్లు రైలు పట్టాల్లా ఉన్నాయట, నర్సు చెప్పింది, అద్దం ఇవ్వలేదు.

నాన్న బయట వరండాలో కుర్చీలో ఉంటాడు. లోపలికి వస్తే నిలబడతాడు. కూర్చోడు.

నవంబర్ 10

గ్రెచెన్ వచ్చింది. విరామంలో ఏమైనా చెప్పానా అని అడిగాను.

"నా పక్కనే నిలబడ్డావు," అంది. "కమలాపండు ముక్క తీసుకున్నావు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచావు. నేను ఆగాను కూడా. 'పండు బావుంది మేడమ్' అన్నావు."

అలా అని ఏడ్చింది. సంతకాలు పెట్టిన చేత్తోనే మొహం కప్పుకుంది. ఆగస్టు పరీక్ష సంగతి చెప్పాను, నాలుగు మాటల సంగతి. కొత్తవాళ్ళకి కూడా నేనే నేర్పానని చెప్పాను. డెల్‌తో మొదలుపెట్టి అందరి చేతా మళ్ళీ రాయిస్తానంది.

ఇది ఇవాళేనా, నిన్ననా? ఇవాళే.

నవంబర్ 12

ఒబీ వచ్చాడు. నాకు గుర్తులేనిది చెప్పమన్నాను. చెప్తుంటే రాస్తున్నాను. నెమ్మదిగా చెప్పరా.

మూడో భాగం. స్కోరు సమానం. వాడి చోట నిలబడ్డ కుర్రాడిని దాటుకుని ఒకడు వెనకనుంచి వచ్చి నన్ను కొట్టాడు. పెద్ద దెబ్బ కూడా కాదట. నేను లేచాను. మనవాళ్ళు గుండ్రంగా వంగి నా కోసం చూస్తున్నారు. నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. హెల్మెట్ తీసేశాను. మైదానానికి అడ్డంగా నడవడం మొదలుపెట్టాను.

"ఎటు?"

"వాళ్ళ వైపుకి. అవతలి జట్టు వైపుకి."

జనం నవ్వారట. వెస్ ఏదో కొత్త వేషం వేస్తున్నాడనుకున్నారు. నాన్న స్నేహితులు కూడా నవ్వారట. కోచ్ అవతలనుంచి అరుస్తున్నాడు, ఇటు రారా, ఇటు అని. నేను వెళ్ళి వాళ్ళ బెంచీ మీద, వాళ్ళ కుర్రాళ్ళ మధ్యన ఖాళీ చూసుకుని కూర్చున్నాను. వాళ్ళ కోచ్ ముసలాయన. ఆయన నవ్వలేదట. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా చేతిలోంచి హెల్మెట్ మెల్లిగా తీసుకున్నాడట.

"అప్పటికి నేను మెట్లు దిగేశాను," అన్నాడు ఒబీ. "కోటుతోనే పరిగెత్తాను. మట్టిలో బూటొకటి ఊడిపోయింది."

"చెప్పి ఉండాల్సిందిరా నేను," అని కూడా అన్నాడు. "ఆ ఆదివారమే చెప్పి ఉండాల్సింది. చాడీ అనుకున్నాను. ఏం చాడీ, నా మొహం."

దీన్ని రాయొద్దన్నాడు. రాశాను.

నాకు కావలసింది వేరే. నేను హెల్మెట్ తీసి నడిచింది చెప్పడానికా? విరామంలో చెప్పలేకపోయింది అప్పుడు చెప్పేద్దామనా? గ్రెచెన్ ఉన్నది మన వైపు. నేను ఆమె కోసమే బయల్దేరి, వైపు తప్పానా? లేక ఎటు పోతున్నానో తెలీని తల కాళ్ళని ఎటో తీసుకుపోయిందా? ఇది ఎవరికి తెలుస్తుంది? వీడియోలో నా వీపు కనిపిస్తుందట, అంతే.

అడిగాను.

"చెప్పడానికేరా," అన్నాడు ఒబీ. వెంటనే అన్నాడు.

"నీకెలా తెలుసు?"

వాడు మంచం పక్క గ్లాసులో నీళ్ళు పోశాడు. నీళ్ళు పీల్చే గొట్టం నా పెదాల దగ్గరికి వంచి పట్టుకున్నాడు. నేను తాగాను. చాలాసేపు తాగాను.

"తెలీదు," అన్నాడు.